పది క్రౌన్ల చీటీ

అల్పసంఖ్యాక భాషవారి నాయకుడు ప్రభుత్వంలో చేరవచ్చునా? చేరితే అమ్ముడుపోయాడంటారు, చేరకపోతే ఏం సాధించాడంటారు. మన ఊళ్లలోనూ వినబడే ఈ మాటల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు లుడ్విగ్ చెక్ గుర్తొస్తాడు.

ఇంటిపేరు చెక్ అయినా ఆయన భాష జర్మన్. 1870లో యూదు కుటుంబంలో పుట్టి, బ్ర్నో నగరంలో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. 1918లో చెకోస్లోవేకియా ఏర్పడడంతో ముప్ఫై లక్షలకు పైగా జర్మన్ భాషీయులు అక్కడ మైనారిటీ అయ్యారు. వారి సోషల్ డెమొక్రటిక్ పార్టీకి 1920 నుంచి 1938 దాకా ఆయనే అధ్యక్షుడు. చాలాకాలం ప్రతిపక్షంలో ఉన్న ఆ పార్టీ 1929లో ప్రభుత్వంలో చేరింది. ఆయన సాంఘిక సంక్షేమ మంత్రి అయ్యాడు.

అప్పుడే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ఎగుమతుల మీద బతికే గాజు, బట్టల పరిశ్రమలు ఎక్కువగా జర్మన్ ప్రాంతాల్లోనే ఉండేవి. పనులు పోయాయి. కార్మిక సంఘాల ద్వారా భృతి అందనివారికి ఆయన శాఖ ఆహారపు చీటీలు పంచింది. ఒంటరివాడికి వారానికి 10 క్రౌన్లు, సంసారికి 20. జనం వాటికి ముష్టి చీటీలని పేరు పెట్టారు.

ఆ పేరులో న్యాయం లేకపోలేదు. పని అడిగినవాడికి చీటీ ఇస్తే కడుపూ నిండదు, మానమూ నిలవదు. 1935 ఎన్నికల్లో జర్మన్ ఓటర్లలో అత్యధికులు హెన్‌లైన్ పార్టీ వైపు వెళ్లారు. చెక్ పార్టీకి ఉన్న 21 స్థానాల్లో 11 మాత్రమే మిగిలాయి. 1938లో మ్యూనిక్ ఒప్పందంతో ఆ ప్రాంతం హిట్లర్ వశమైంది. 1942లో చెక్ తెరెజిన్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు.

ఆ చావును చూపించి ఆయన చేసిందంతా ఒప్పే అనడం నాకు ఇష్టం లేదు. హతుడైనంత మాత్రాన చీటీ విలువ పెరగదు. కానీ ఒక తేడా ఉంది. ఆయన ఇచ్చింది తక్కువే, దానికి బదులుగా పొరుగువాణ్ణి ద్వేషించమని మాత్రం అడగలేదు. హెన్‌లైన్ వర్గం ఆకలినీ అవమానాన్నీ కలిపి పగగా మార్చింది.

కొంచెం తేవడం ద్రోహం కాదని నా అభిప్రాయం. ఆ కొంచెమే సర్వమని చెప్పడం ద్రోహం. మన పిల్లల బడి కోసం, తెలుగు టీచరు కోసం ఎవరో ఒకరు అధికారుల ఎదుట కూర్చోక తప్పదు. అతను సగమే తెస్తే తీసుకుందాం, మిగతా సగం అడుగుదాం. సగమే తెచ్చాడని అతణ్ణి తరిమేసేముందు, ఆ కుర్చీలోకి వచ్చేవాడు మనల్ని ఏమి అడగబోతున్నాడో కూడా ఆలోచించుకుందాం.