ఎవరి పాపభారం ఎవరిది?

ఇషా నమాజు ముగిశాక ఒక కాలేజీ కుర్రవాడు దగ్గరకు వచ్చి తన సెల్‌ఫోన్ చూపించాడు. గాజాలో శిథిలాల క్రింద నుంచి తీసిన పసిబిడ్డ శవం. "మౌలానా! వాళ్ళు మన పిల్లల్ని ఇలా చంపుతుంటే మనం వాళ్ళ పిల్లల్ని చంపితే తప్పేమిటి? ఇది పంపినవాళ్ళు అదే అడుగుతున్నారు" అన్నాడు.

ఆ బిడ్డను చూసి నా కళ్ళూ చెమర్చాయి. పీడితుని కోసం బాధపడటం ఈమాన్ లక్షణం. 2023 అక్టోబరు తర్వాత సిరియా యుద్ధం నాటి పాత చిత్రాలు కూడా గాజావిగా చలామణి అయ్యాయి. కనుక వార్తను విచారించి తెలుసుకోమన్న హుజురాత్ సూరా ఆదేశాన్ని ముందు గుర్తుంచుకోవాలి. అయినా ఆ వీడియో నిజమైనదే అనుకుందాం. ఆ నిజాన్ని చూపించి హత్యకు దారి ఎలా వేస్తున్నారు?

ఒక ఉదంతం చూడండి. ఇరాక్, సిరియా యుద్ధాల మంటల్లో నుంచి లేచిన దాయిష్ (ఐసిస్) ముఠా 2014లో 'ఖిలాఫత్' ప్రకటించుకుని, ఇంటర్‌నెట్ ద్వారా దేశదేశాల యువకులను రెచ్చగొట్టింది. దాని అభిమాని ఒకడు 2017 ఏప్రిల్‌లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జనం మీదికి లారీ తోలాడు. మరణించిన ఐదుగురిలో పదకొండేళ్ళ బాలిక ఉంది. సిరియాపై బాంబులు వేసింది ఆ పిల్లా?

కథ అక్కడితో ఆగలేదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఒక శ్వేతజాతి దురహంకారి, జుమా నమాజుకు వచ్చినవారిపై రెండు మస్జిదుల్లో కాల్పులు జరిపి 51 మందిని బలిగొన్నాడు. ఆ బాలిక చావుకు ఇది ప్రతీకారమని వ్రాసుకున్నాడు. ఆమె పేరు తుపాకీ మీద కూడా వ్రాశాడు. హత్యాకాండను ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించాడు. మొదటి 24 గంటల్లోనే ఆ వీడియో ప్రతులు 15 లక్షలు తొలగించామని ఆ సంస్థ ప్రకటించిందంటే, ఎందరు దాన్ని పంచుకోబోయారో ఊహించండి! షహీద్ అయినవారిలో మన హైదరాబాదు వారూ ఉన్నారు. స్టాక్‌హోమ్ లారీతో వారికేమిటి సంబంధం?

ఈ హంతకులిద్దరూ ఒకరికొకరు బద్ధశత్రువులు. కాని వారి వాదం మాత్రం ఒక్కటే: మీవాడొకడు చేశాడు, మీలో ఎవరు దొరికినా సరే! క్రైస్ట్‌చర్చ్‌లో ఈ వాదాన్ని దుర్మార్గమంటూ స్టాక్‌హోమ్‌లో నోరు మూసుకుంటే మనం న్యాయం పక్షాన ఉన్నట్లా? ఒకరి భారాన్ని మరొకరు మోయరన్నది దివ్యఖుర్ఆన్ నిర్ణయం (అన్ఆమ్: 164). ఒక జాతి పట్ల ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పించరాదని మాయిదా సూరా హెచ్చరిస్తున్నది. రణరంగంలో సైతం స్త్రీలను, పిల్లలను చంపడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. 2014 సెప్టెంబరులో 120 మందికి పైగా ఉలమాలు దాయిష్ నాయకుడు బగ్దాదీకి బహిరంగ లేఖ వ్రాసి, అమాయకుల హత్య హరామ్ అని తేల్చిచెప్పారు.

హజ్రత్ సుమయ్యా (రజి)ను దారుణంగా చంపినవాడు అబూజహల్. అతని కొడుకు ఇక్రిమా తానూ ఇస్లాంపై కత్తి దూసినవాడే. మక్కా విజయం తర్వాత ఆయనకు దొరికింది క్షమాభిక్ష. తండ్రి చేసిన హత్యకు ఆయన్ను ఎవరూ లెక్క అడగలేదు. ఆయనే తర్వాత షామ్ గడ్డపై షహీద్ అయ్యారు.

"అయితే చూస్తూ ఊరుకోవాలా?" అన్నాడు కుర్రవాడు.

"ఊరుకోమనలేదు బాబూ! దుఆ చెయ్యి, నమ్మకమైన చోట సదఖా ఇవ్వు, అన్యాయాన్ని నలుగురిలో అన్యాయమని చెప్పు. ఆ గ్రూపులోంచి మాత్రం ఇప్పుడే బయటికి రా. మీ నాన్నగారికీ చెప్పు."

"అబ్బాజాన్ కొడతారు" అన్నాడు మెల్లగా.

మరునాడు మగ్రిబ్ తర్వాత ఇద్దరం కలిసే వాళ్ళింటికి వెళ్ళాము.