రోజా, ఇన్సులిన్ సూది

రంజాన్ ఉపవాసంలో చర్మం కిందికి ఇన్సులిన్ ఎక్కిస్తే రోజా భంగమవుతుందా? 1997లో జెడ్డాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ సూటిగానే జవాబిచ్చింది: పోషక ద్రవాలు తప్ప, చర్మం కింద, కండలో, నరంలో వేసే సూదిమందులతో రోజా చెడదు. ఉపవాసం ఆకలిదప్పుల నిగ్రహం. ఇన్సులిన్ ఆ రెండింటినీ తీర్చదు.

అసలు చిక్కు సూది వేశాక తిండి లేకపోవడంలో ఉంది. అనంతపురం జిల్లా బెళుగుప్ప లాంటి కరువు సీమలో, 2018, 2019లలో మాదిరిగా రంజాన్ మే ఎండల్లో వస్తే, పగలంతా నీళ్లు తాగని మధుమేహ రోగికి ప్రాణాపాయమే రావచ్చు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విడవాలి. రోగులు ఉపవాసాన్ని వాయిదా వేసుకోవచ్చని ఖురాన్ రెండో అధ్యాయమే చెబుతోంది. నయంకాని జబ్బున్నవారు బదులుగా పేదలకు అన్నం పెట్టవచ్చు. ఇంత వెసులుబాటు ఉండగా, రోజా విడిచిన రోగిని భక్తి తక్కువవాడిగా చూడడం అన్యాయం.

మోతాదు మార్పులను రంజాన్‌కు ముందే వైద్యుడు నిర్ణయించాలి. నర్సు మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ సీసాకు ఎర్రమూత ఉన్న 40 యూనిట్ల సిరంజీనే వాడాలి. బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలి, రోజూ చోటు మార్చి పొడవాలి. గడ్డకట్టిన చోట వేయరాదు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా గట్టి డబ్బాలో వేయాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను తడి ఇసుక పోసిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా ఉంచవచ్చు. చక్కెర పరీక్షకు వేలు పొడిచినా రోజా చెడదన్నది ఎక్కువమంది విద్వాంసుల మాట.