దేవకన్య పైటచెంగు

నేను గీసే దేవకన్యలకు రెక్కలుండవు. పిల్లల పుస్తకాలు వేసేవాళ్లకు ప్రతిసారీ ఈ మాట నచ్చజెప్పుకోవాలి. రెక్కలు లేకపోతే దేవకన్య అని పిల్లలకెలా తెలుస్తుందంటారు. ఆ సీతాకోకచిలుక రెక్కలు ఇంగ్లండు చిత్రకారుల ఊహ. 18వ శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ పోప్ కావ్యానికి బొమ్మలు వేస్తూ థామస్ స్టోథార్డ్ గాలిదేవతలకు వాటిని తగిలించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు వాటిని వదల్లేదు. 1906లో పీటర్ పాన్ కథకు ఆర్థర్ రాకమ్ వేసిన బొమ్మలంటే నాకు ప్రాణం. ఆ గోధుమరంగు నీడలు, మెలికలు తిరిగిన కొమ్మలు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. అయినా అవి ఆ నేలవి.

మన గుళ్లలో విగ్రహాల తలపైన ఎగిరే విద్యాధరులను చూడండి. గరుత్మంతుడికి రెక్కలున్నాయి, కిన్నెరలకున్నాయి, వీళ్లకు లేవు. మోకాలు మడిచి, పాదం వెనక్కి తిప్పి, ఉత్తరీయం కొసలు పైకి లేపి, శిల్పి అంత రాతినీ గాల్లో నిలబెట్టాడు. ఎగిరేది ఒళ్లు కాదు, గుడ్డ.

గుడ్డ మీద గీత నేను శ్రీకాళహస్తిలో నేర్చుకున్నాను. కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్లలో నూలుగుడ్డ నానబెట్టి ఎండబెడతారు. పాలలో ఉండే కొవ్వు రంగును పాకనివ్వదు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే కలం. తుప్పు ఇనుము, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్లలో దాన్ని ముంచి, ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీయాలి. గుడ్డలోని కరక్కాయ తగలగానే గీత నల్లబడుతుంది. ఒకసారి పడిన గీతను చెరపడమంటూ లేదు. అక్కడి పద్ధతిలో దేవుళ్లు నీలం, ఆడవాళ్ల ఒళ్లు పసుపు. ఇప్పుడు ఎక్కువగా కాగితం మీదే వేస్తున్నా, నా దేవకన్యలు ఆ పసుపు ఒంటితోనే వస్తారు. తెల్లగా వెయ్యమంటే నా చెయ్యి రాదు.

తిరుపతిలో బొమ్మ అంటే ముందు దేవుడి బొమ్మే. అందులో నా ఇష్టానికి చోటు లేదు. స్వామికి పై కుడిచేతిలో చక్రం, పై ఎడమచేతిలో శంఖం, కింది కుడిచెయ్యి వరదహస్తం, ఎడమచెయ్యి నడుం మీద. ముఖం కొలత ఇంత అయితే ఒళ్లు ఎంత ఉండాలో తాళమానం చెబుతుంది. ఆ కట్టుబాటంటే నాకు గౌరవం. దేవకన్యను గీసేటప్పుడు అలా చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లెవరూ లేరు. కాబట్టి ఆమెలో ఏం కనబడినా అది నేను పెట్టిందే. ఏం పెడుతున్నానో చాలాకాలం తెలుసుకోలేదు.

ఒకరోజు పాత బొమ్మలన్నీ నేలమీద పరిచి చూశాను. అన్నిట్లోనూ ఆమె పైకే పోతోంది. కిందికి దిగే దేవకన్య ఒక్కతీ లేదు. అన్నీ కింద నిలబడి చూస్తే కనబడే బొమ్మలు: అరికాళ్లు, చీర అంచు, వీపు మీద జడ, అన్నిటికన్నా పెద్దగా పైటచెంగు. ముఖం అటు తిరిగి ఉంది. చెంగు మడతల కోసం పడిన పాటులో సగం కూడా ముఖం మీద పెట్టలేదు.

మాది పీలేరు పక్క పల్లె. చెరువుకట్ట మీద పసుపు పూసిన ఏడు రాళ్లుండేవి, అవే అక్కగార్లు. మిట్టమధ్యాహ్నం అటు పోతే, "అక్కగార్లు తిరిగే పొద్దు, రా మే ఇట్ల" అని మా అవ్వ కేకేసేది. రాత్రి అదే అవ్వ దేవకన్య కథ చెప్పేది. ఆకాశం నుంచి చెరువుకు దిగినామె చీర ఒకడు దాచేస్తాడు. ఆమె వాణ్ణి పెళ్లాడి బిడ్డల్ని కంటుంది. ఒకనాడు దాచిన చీర దొరికి, కట్టుకుని పైకి పోతుంది. 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ' కూడా ఆ దాచిన చీర చుట్టూ నడిచేదే. సినిమా చూసినవాళ్లకు రాజకుమారుడు గుర్తుంటాడు. నాకు మాత్రం అవ్వ కథలో వాకిట్లో నిలబడి పైకి చూసే బిడ్డలే గుర్తు. ఎందుకంటే అప్పటికి మా యమ్మ కువైట్‌లో ఉంది.

మా వైపు ఇది వింత కాదు. వాన ముఖం చాటేసి, చెనిక్కాయ పంట పోయి, అప్పు మిగిలితే ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ పోతారు. బిడ్డలు అవ్వల దగ్గర పెరుగుతారు. అమ్మను మనసులోనే దేవకన్యను చేసుకున్నానని ఇప్పుడు అర్థమవుతోంది. దేవకన్య పైకి పోవడం కథలో తప్పు కాదు. ఆమె మీద అలగాల్సిన పని లేదు. అలగలేని కోపం ఎటు పోయిందంటే, అటు తిరిగిన ఆ ముఖాల్లోకి పోయింది. అందంగా గీశాను, నిజమే. ఆమె కళ్లు మాత్రం నా వైపు చూడనివ్వలేదు.

అమ్మ తిరిగొచ్చిన చాలా ఏళ్లకు, చింతపండు కొడుతూ మాటల్లో చెప్పింది. అక్కడ దిగిన రోజే ఆ ఇంటాయన పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడట. అవ్వ కథ నాకు ఒక్కసారిగా తిరగబడింది. చీర పోగొట్టుకున్న చోటు కువైట్. దాన్ని వెతుక్కుంటూ ఆమె ఎదురుచూసిన ఆకాశం మా వాకిలి. నేను మా ఇంటి నుంచి పైకి చూస్తూ గీసినన్నాళ్లూ ఆమె అక్కడి నుంచి ఇటే చూస్తోంది.

అందుకే ఈమధ్య ఒక పుటను ఆమె కళ్లతో గీశాను. దేవకన్య కిందికి దిగుతోంది. ముఖం ఇటే ఉంది. చెరువు అరచేయంత, కట్ట మీది రాళ్లు ఏడు చుక్కలు, వాకిట్లో పిల్లలు ఇంకా చిన్న చుక్కలు. ఇంతవరకు ఏ బొమ్మా నన్ను ఇంత కష్టపెట్టలేదు. ఆ ముఖం కుదరడానికి కలం ఎన్నోసార్లు కింద పెట్టాను. అమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, "బిడ్డల కాడికి వస్తా ఉత్తచేతుల్తో వస్తాదా మే? సంచీ యాడ?" అంది.

సంచీ గీస్తున్నాను. శిల్పాల్లో ఆనవాలు వెతికితే, విద్యాధరుల చేతుల్లో పూలమాలలే కనబడ్డాయి. వాటికి బరువుండదు. దుప్పటి, పిల్లల బట్టలు కుక్కిన సంచీ పట్టుకుంటే భుజం ఒక పక్కకు వంగాలి, నడుం రెండో పక్కకు తిరగాలి, అయినా ఆమె పడిపోతున్నట్టు కాక దిగుతున్నట్టే ఉండాలి. చెంగు ఇప్పుడున్నదానికన్నా పైకి లేపి చూస్తున్నాను.