అమావాస్యనాటి వెలుగు

చంద్రుడు తరగడానికి భూమి నీడే కారణమని చదువుకున్నవారు కూడా అనుకుంటారు. కాదు. ఆ నీడ పడేది చంద్రగ్రహణంనాడే; అదీ పౌర్ణమి రాత్రే. మిగతా రోజులన్నీ చంద్రునిలో సగం సూర్యకాంతిలోనే ఉంటుంది. అతడు మన చుట్టూ తిరుగుతుండగా ఆ వెలుగు సగంలో మనకు కనబడే భాగం సుమారు 29న్నర రోజులలో పెరిగి తరుగుతుంది. అమావాస్యనాడు వెలుగు అవతలి వైపున ఉంటుంది, అంతే.

శ్రీసభకు సొంత వెలుగు లేదని, క్రీస్తు వెలుగే దానిదని 4వ శతాబ్దంలోనే మిలాను పీఠాధిపతి పునీత అంబ్రోసు చంద్రునితో పోల్చి బోధించారు.

బిడ్డను సమాధి చేసి, దివ్యపూజకు రావడం మానుకున్న తల్లి మీ వీధిలో ఉందా? ఆమె విశ్వాసం పోగొట్టుకుందని చెప్పుకుంటున్నారా? మనవైపు చీకటిగా ఉన్నంతమాత్రాన అవతల వెలుగు లేదనడానికి మనమెవరం? ఈ ఆదివారం గుడికి పోయేటప్పుడు ఆమె తలుపు తట్టండి. రానంటే కాసేపు ఆమె దగ్గరే కూర్చోండి. పూజ సాయంత్రం కూడా ఉంటుంది.