చాప క్రింది తుప్పు

వాక్యభాగము: లేవీయకాండము 14:33–48



మా సంఘమునకు ఒక పాత సువార్త వ్యాను ఉన్నది. లోపల పండుకొనుటకు బల్లలు, వాటి క్రింద పాటల పుస్తకములు, స్టవ్వు, మైకు పెట్టె దాచుకొను అర. చెన్నైలో ఉప్పుగాలి సంగతి మీకు తెలిసినదే. రెండేండ్ల క్రితము ఆ అరలో ముక్కవాసన వచ్చినప్పుడు, క్రొత్త రబ్బరు చాప వేయించుడని చెప్పినవాడను నేనే. వాసన తగ్గినదని అందరము సంతోషించితిమి.

ఈ వర్షాకాలమునకు ముందు టింకరు ఆ చాప ఎత్తెను. క్రింది ప్లైవుడ్ నానిపోయి చేతికి ఊడి వచ్చినది. రేకుమీద సుత్తితో తట్టగా ఖంగుమనలేదు, మొద్దుగా పలికినది. స్క్రూడ్రైవరు గుచ్చగా రోడ్డు కనబడినది! తలుపు రబ్బరు సందున దిగిన నీరు పోవలసిన రంధ్రములు మట్టితో పూడిపోయినవి; నేను వేయించిన చాప ఆ తడిని ఆరనియ్యలేదు. బల్లల కాళ్ళు బిగించినది ఆ రేకుకే. ఆ బల్లలమీదనే మన సండేస్కూలు పిల్లలు ప్రయాణము చేసిరి.

“పుట్టీ పెట్టి రంగు వేస్తే చౌక, అయ్యగారూ. కాని వచ్చే వానకు మళ్ళీ ఇదే,” అన్నాడతడు.

సామానంతయు దింపించెను. బ్యాటరీ తీగ విప్పి, గ్యాసు సిలిండరును దూరముగా పెట్టించెను. మంచి ఇనుము మెరియువరకు కోసెను. చిల్లు అరచేయంత, కోసినది మూడడుగులు! క్రొత్త రేకు వెల్డింగు చేసి, పైనను క్రిందను రెడ్ ఆక్సైడ్ పూసి, అతుకులు మూసి, రంధ్రములు తెరచెను.

లేవీయకాండము చదువుటకు మనలో చాలమందికి బద్ధకము, నాకును అంతే. గాని ఆ రాత్రి ఈ అధ్యాయము వేరుగా కనబడినది. గోడలో పచ్చగానో ఎర్రగానో పల్లమైన మచ్చ. ముందు ఇల్లు ఖాళీ చేయవలెను. ఏడు దినములు మూసి, మరల చూడవలెను. చెడిన రాళ్ళు ఊడదీసి, గోడలు గీకి, ఆ మట్టిని ఊరి వెలుపల పారబోయవలెను. వేరే రాళ్ళు, వేరే అడుసు. అయినను మరల పొడ కనబడినయెడల ఇల్లే పడగొట్టవలెను. అయితే ఇదంతయు ఎక్కడ మొదలగును? యాజకుడు ఇల్లిల్లు తిరిగి వెదకడు. ఇంటి యజమానుడే వచ్చి, నా యింట ఏదో కనబడుచున్నదని చెప్పవలెను.

పరాయి భాషల నడుమ తెలుగువారము కొద్దిమందిమి. బయటికి పొక్కితే పరువేమగునని చాపలు వేయుట మనకు మిక్కిలి అలవాటు. మా సంఘములో మందిర నిధి లెక్క మూడేండ్లుగా చదువబడలేదు. అడిగినవారిని సమాధానము చెరుపవద్దని కూర్చుండబెట్టినవాడను కూడ నేనే.

వచ్చే సంఘ కూటములో మొదట ఆ పుస్తకము తెరువబడును. అందులో తేడా నాకు కనబడుచున్నది.