సరమకు దక్కని సమాధానం

మంజీరా నది ఏడు పాయలుగా చీలే నాగ్సాన్‌పల్లి వద్ద, మెదక్ పట్టణవాసులు ప్రతి మహాశివరాత్రి జాతరకు తరలివెళ్లే వనదుర్గామాత సన్నిధిలోనే, జనమేజయ మహారాజు సర్పయాగం చేశాడని ఈ ప్రాంతంలో తరతరాల విశ్వాసం. సర్పయాగమంటే మంత్రబలంతో పాములను రప్పించి అగ్నికి ఆహుతి చేసే క్రతువు. తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కాటువేసి చంపినందుకు కుమారుడు తలపెట్టిన ఆ ప్రతీకారాన్ని పితృభక్తిగా చెప్పుకోవడం పరిపాటే అయినా, 11వ శతాబ్దిలో నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వాన్ని వరుసగా చదివినవారికి ఆ రాజును గురించి మరొక సంగతి కూడా తెలుస్తుంది.

సర్పయాగం కంటే ముందు అక్కడ సరమ కథ వస్తుంది. సరమ దేవశుని, అంటే దేవతల కుక్క. ఏ తప్పూ ఎరుగని ఆమె బిడ్డను జనమేజయుని తమ్ముళ్లు కొట్టగా, ఆ తల్లి నేరుగా రాజు ఎదుటికి వచ్చి అన్యాయాన్ని చాటి, నిరపరాధులకు కీడు చేసేవారికి ఊహించని భయాలు వచ్చిపడతాయని హెచ్చరించి వెళ్లింది. కలతచెందిన రాజు దోషశాంతి కోసం సోమశ్రవసుడనే మునికుమారుని వెదకి పురోహితునిగా తెచ్చుకున్నాడే గాని, తమ్ముళ్లను మందలించినట్లుగాని, సరమను పిలిపించి తప్పయిందని చెప్పినట్లుగాని కథలో లేదు. తన ఇంటివారు చేసిన దానికి శాంతితో సరిపెట్టుకున్న ఆ రాజే, తన ఇంటికి జరిగిన దానికి ఒక జాతినంతటినీ మంటల్లో వేయబూనాడు.

ఆయనను అందుకు పురికొల్పిన ఉదంకుని తీరూ గమనించదగినదే. గురుపత్ని కోరిన కుండలాలను తక్షకుడు అపహరించగా, ఉదంకుడు నాగలోకం దాకా వెళ్లి వాటిని తిరిగి సాధించి, గడువులోగానే ఆమెకు అందజేశాడు. కార్యం నెరవేరినా కసి చల్లారక హస్తినాపురం చేరి, తన పగను రాజు పితృశోకంతో ముడివేసి రగిలించాడు. సొంత కక్షకు న్యాయం ముసుగు వేసే ఇటువంటి పెద్దమనుషులకు నేటి పంచాయితీలలోనూ కొదవలేదు.

పరీక్షిత్తు మార్గం వేరు. పోతన భాగవతంలో ఆయన, శమీకముని మెడలో చచ్చిన పామును వేసి ఇల్లు చేరాక, శాపం సంగతి తెలియకముందే తాను చేసిన పనికి కుమిలిపోతాడు. ఏడు దినాలలో మరణమన్న శాపం ఆ తప్పుకు మించిన దండన అని, శపించిన కొడుకును శమీకుడే మందలించాడు కనుక, తనకు అన్యాయం జరిగిందని వాదించడానికి రాజుకు గట్టి ఆధారమే ఉంది. దాహంతో అడిగితే నీళ్లైనా ఇవ్వలేదన్న సాకూ ఉంది. ఆయన ఆ రెంటినీ విడిచి, గంగాతీరంలో ప్రాయోపవేశానికి, అనగా ఆహారం మాని మరణాన్ని ఎదురుచూసే దీక్షకు కూర్చుండి శుకమహర్షిని ఆశ్రయించాడు.

అన్యాయాన్ని ప్రశ్నించరాదని దీని అర్థం కాదు. సరమ ప్రశ్నించింది, సర్పయాగాన్ని ఆపమని ఆస్తీకుడనే ముని అడిగి సాధించాడు. ఆక్షేపణ అంతా తన చేతి పనిని మరుగుపరచే ఫిర్యాదుల మీదనే. అన్నదమ్ముల మధ్య మాటలు నిలిచిపోతే జాతకంలో దోషమని, పంపకాలలో ఆడపడుచుకు అన్యాయం చేసిన ఇంట కీడు జరిగితే ఎవరి దిష్టో తగిలిందని చెప్పుకొని, హోమానికి ముహూర్తం పెట్టించుకునే అలవాటు నానాటికీ పెరుగుతున్నది. అనుభవించక తప్పని పూర్వకర్మ ఫలమైన ప్రారబ్ధాన్ని శాస్త్రం ఒప్పుకున్నది నిజమే గాని, నిన్న సాయంత్రం ఆడిన మాటను కూడా ఆ ఖాతాలో వేయమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. శాంతి చేయించదలచిన గృహస్థులు పురోహితుని ఇంటికి వెళ్లే ముందు, తమ వలన నొచ్చుకున్నవారి ఇంటికి వెళ్లిరావాలి.