అహింసావ్రతము – అడవి

జీవిని చంపకుండుటయే అహింస యని మనలో పలువురి భావము. నీరు వడకట్టి త్రాగుదుము, సూర్యాస్తమయము కాకమునుపే భుజింతుము, పాంజ్రాపోలునకు విరాళము లిత్తుము. ఇవన్నియు మంచివే. అయినను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. జీవిని చంపక, దాని నివాసమును మాత్రము నాశనము చేసినచో ఆ పాపము నెవరి ఖాతాలో వ్రాయవలెను?

మన పూర్వులు దీనికి ఏనాడో సమాధానము చెప్పిరి. ఉపాసకదశాంగ సూత్రము శ్రావకుడు విడువవలసిన పదునైదు వ్యాపారములను పేర్కొన్నది. బొగ్గులు కాల్చుట, అడవి నరికి అమ్ముట, కార్చిచ్చు పెట్టుట, చెరువు లెండగట్టుట వానిలో చేరియున్నవి. చెట్టును కూడ ఏకేంద్రియ జీవిగా నెంచిన మతమున అడవి వట్టి కలప కాజాలదు.

మన నాందేడునకు ఈశాన్యమున కిన్వట్ అడవులు కలవు. 1956 వరకు ఆ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనిదే. గోండులు, కోలాములు, ఆంధులు అచ్చట నివసించుచున్నారు. ఆ చెంతనే పైనగంగ అభయారణ్యము, యవత్మాళ్ జిల్లాలో టిపేశ్వర్, తెలంగాణమున 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల్ ఉన్నవి. పటములో ఇవి వేర్వేరు. పులికి మాత్రము ఒకే దారి. 2019లో టిపేశ్వర్ నుండి బయలుదేరిన మగపులి యొకటి, మెడకు రేడియో పట్టీతో, మహారాష్ట్ర తెలంగాణముల మీదుగా, మన జిల్లాను కూడ దాటి, సుమారు 1300 కిలోమీటర్లు నడచి బుల్‌ఢాణా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యమునకు చేరినది. నడుమనున్న అడవి తునుక లెంత చిన్నవైనను అట్టి బాటసారికి అవియే మజిలీలు.

కావున వానిని తిరిగి పెంచవలెను. కాని ఎవరి ఖర్చున? పులిమీద దయ పట్టణములోని మనకు కలుగును; పులివాత పడునది అడవియంచున నున్న రైతు ఎద్దు. యవత్మాళ్ జిల్లాలో 13 మంది మరణములకు కారణమని చెప్పబడిన ఆడపులిని 2018 నవంబరులో కాల్చి చంపిరి. అచ్చట మనుష్యుడును ఓడెను, మృగమును ఓడెను. అట్లని ఊరివారిని వెళ్ళగొట్టి కంచె వేసినచో పుణ్యము మనది, నష్టము వారిది యగును. ఇతరుల సొమ్ముతో చేసిన దానము దానము కాదు.

వేరొక మార్గము కలదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము గ్రామసభకు అడవిపై హక్కును, దానిని కాపాడు అధికారమును ఇచ్చినది. అమరావతి జిల్లాలోని పాయ్‌విహీర్ గ్రామస్థులు ఆ హక్కును పొంది, బోడినేలను మరల అడవిగా పెంచి, సీతాఫలములమ్మి ఆదాయము గడించిరి. 2014లో వారికి జీవవైవిధ్య పురస్కారము లభించినది. అడవి నిలిచిననే తమ బ్రతుకు నిలుచునని తెలిసినవాడు దానిని నరుకనీయడు.

ఇందు వర్తకునకు చేయదగిన పని లేకపోలేదు. అడవిబిడ్డ తెచ్చిన చింతపండునకు, కరక్కాయకు, జిగురునకు సరియైన తూకము, న్యాయమైన ధర ఇచ్చుట మొదటిది. దొంగతూకము అచౌర్యవ్రతమునకు దోషమని మనము ఎరుగుదుము. అది అడవికిని గొడ్డలిపెట్టే. గిట్టుబాటు కాని వాడు కాయను వదలి కట్టెను అమ్మును. రెండవది, పులి ఎద్దును చంపినపుడు ప్రభుత్వ పరిహారము చేతికందువరకు దుక్కి ఆగదు. ఆ నడిమి రోజులకు మన సంఘనిధి నుండి సొమ్ము సర్దవచ్చును.

పర్యూషణమున సకల జీవులను క్షమింపుమని వేడుదుము. ఋణస్థుడు క్షమాపణతోపాటు బాకీ కూడ తీర్చుట వర్తకధర్మము.